వెనక బోల్టు

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, వర్ని దగ్గరి పెద్ద చెరువులో, అఖిలేష్ నిలబడి ఉన్న బోర్డు ముక్కు నీళ్లలోకి దిగింది. మోటారు పడవ లాగుతున్న వేగానికి అతడు ముందుకు పడ్డాడు. వెనక నుంచి బోర్డు వచ్చి మీద పడింది. దాని అడుగున ఉన్న రెక్క మెడకు తగిలింది. బోధన్ ఆసుపత్రికి తెచ్చేసరికి ప్రాణం లేదు. వయసు పంతొమ్మిది.

పడవ నడిపింది ఆత్మారాం. గోవాలో నీటి ఆటల కంపెనీలో పనిచేసి వచ్చి, చెరువు కట్ట కింద షెడ్డు వేసుకుని, పిల్లలకు ఈ బోర్డు ఆట నేర్పుతున్నాడు. అఖిలేష్ అక్క శిరీషకు నేర్పింది కూడా ఆయనే. ఆమె ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పడవల క్లబ్బులో పనిచేస్తోంది. తమ్ముడి దహనం అయిన సాయంత్రం ఆమె తండ్రి మార్కండేయతో ఒక మాట అంది.

"చిన్న రెక్క ఎవ్వలిచ్చిండ్రో వాళ్లే వాణ్ణి సంపిండ్రు బాపూ."

మర్నాడు మార్కండేయ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు చేశాడు. ఆత్మారాం పేరు ఒక్కటే చెప్పాడు.

ఆత్మారాంను ఇంకా అరెస్టు చేయలేదు. పొద్దున పిలిచి సాయంత్రం పంపుతున్నారు. ఆ బోర్డు సంగతి తెలిసిన మనిషి ఎవరైనా చెప్పాలి అన్నాడు ఎస్సై. చుట్టుపక్కల ఆత్మారాం కాక తెలిసిన మనిషి శిరీష ఒక్కతే. ఆ రెక్క ఆ కుర్రాడికి ఇవ్వదగినదో కాదో ఆమె చెప్పాలి. ఆమె మాటను బట్టి కేసు.

గురువారం ఆమె షెడ్డుకు వచ్చింది.

కానిస్టేబుల్ రామ్‌దాస్ తాళానికి వేసిన లక్క ముద్ర పగలగొట్టాడు. ఆత్మారాం తలుపు తోశాడు. లోపల రెండు స్టాండ్ల మీద బోర్డు బోర్లా పడుకోబెట్టి ఉంది. అడుగు పైకి ఉంది. అడుగు నుంచి మీటరు పొడవున అల్యూమినియం కమ్మి నిలబడి ఉంది. కమ్మి చివర అడ్డంగా ఒక కడ్డీ. కడ్డీకి ముందు వైపు ఒక రెక్క, వెనక వైపు ఒక రెక్క. పడవ లాగితే ముందు రెక్క బోర్డును నీళ్ల మీదికి ఎత్తుతుంది. వెనక రెక్క దాని ముక్కు మునగకుండా, మరీ లేవకుండా పట్టి ఉంచుతుంది.

రామ్‌దాస్ వెనక రెక్కను వేలితో తట్టాడు. జానెడున్నర ఉంది. రెండు కొనలు వంగి ఉన్నాయి.

"గిది రెక్కనా, కొడవలా?" అన్నాడు.

"పోరగాండ్లు కొడవలనే అంటరు సార్" అన్నాడు ఆత్మారాం.

"గింత దానికి మనిషి సస్తడా?"

ఆత్మారాం శిరీష వైపు చూశాడు. ఆమె బోర్డు వైపు చూస్తోంది.

"కూసో శిరీషా. స్టూలున్నది."

"నిలవడ్త."

"ఇయ్యాల అన్నా అని గూడ అంటలెవ్వు."

"రెక్క సంగతి చెప్పు" అంది శిరీష. "నేను నేర్సుకున్నప్పుడు గిది లేదు. ఎనుక రెక్క పెద్దదొక్కటే ఉండె."

"పోయిన నెల గోవాల ఒకాయన అమ్ముతుంటే తెప్పించిన. నా కోసం తెప్పించిన."

"మరి వాని బోర్డుకు ఎట్లొచ్చింది?"

ఆత్మారాం షెడ్డు తలుపు అవతల చెరువును చూపించాడు. నీళ్ల మధ్య సన్నటి దారి, రెండు వైపులా తామరాకులు.

"సూసినవ్ గద. జాగ ఎంతున్నది? పెద్ద రెక్క పెడితే బోర్డు కుదురుగుంటది, కాని మలుపుకు మస్తు జాగ తింటది. తిరిగినప్పుడల్లా ఆకులల్లకు పోతుండె. నెలాఖరుకు పోటీలున్నయ్. అన్నా, కొడవలి పెట్టు, జల్ది తిరుగుతది అని నా ఎంబడి పడ్డడు. వద్దన్న. నీ బరువెంత, నువ్వు ఎన్ని దినాలాయె నిలవడవట్టి అన్న. చిన్న రెక్క జల్ది తిరుగుతది, జల్ది పడేస్తది గూడ. కాలు బొటనవేలంత తప్పినా ఊకోదు. గదంత చెప్పిన."

"చెప్పి, పెట్టనిచ్చినవ్."

"శనివారం ఒక్కసారి. మెల్లగ లాగిన. ముక్కు మునుగుతనే ఉన్నది. దించిన. గిది నీకు గాదు, పెద్దదే పెట్టుకో అని చెప్పిన."

"చిన్నది నీ దగ్గర్నే ఎందుకు పెట్టుకోలె?"

"షెడ్డుల రెక్కలు ఉంచుతమా మనం? పాత సామాన్లోళ్లు ఎత్తుకపోతరని నువ్వు గూడ ఇంటికి తీస్కపోయేదానివి గద. రెండూ ఒక్క సంచిల ఉండె. తీస్కపోయిండు."

రామ్‌దాస్ నవ్వాడు. "అంటే పిల్లగాడే దొంగతనంగ పెట్టుకున్నడంటవ్. సచ్చినోడు వచ్చి కాదనడు గద."

"నేను దొంగ అనలె సార్."

"ఆదివారం పొద్దున?" అంది శిరీష.

"నేను పడవల ఉన్న. వాడు ఒడ్డు నుంచి బోర్డు తోసుకుంట వచ్చిండు. రెక్కలు నీళ్లల్ల ఉన్నయ్. తాడు ఇసిరిన. పట్టుకున్నడు."

"తాడు ఇచ్చే ముంగట చెయ్యి పెట్టి బోల్టులన్నీ తడుమాలె. నాకెవ్వలు నేర్పిండ్రు గది?"

"నేనే."

"తడిమినవా?"

"లే."

"తడిమితే ఏ రెక్కనో తెలుస్తుండె."

"తెలుస్తుండె."

"ఎందుకు తడమలె?"

ఆత్మారాం చేతిలోని, బోల్టులు విప్పే పానాను స్టాండు మీద పెట్టాడు. "పడవల కెల్లి దిగాలె, ప్యాంటు మోకాళ్ల దాకా తడుస్తది. అంతే. ఇంకేం కారణం లేదు."

షెడ్డు బయట ఎవరో బర్రెలను నీళ్లలోకి తోలుతున్నారు. రామ్‌దాస్ అటు చూసి, మళ్లీ ఇటు తిరిగాడు.

"అయితే మాట అయిపోయింది. అమ్మా, చెప్పు. పిల్లగానికి ఇచ్చే రెక్కనా కాదా?"

"కాదు" అంది శిరీష.

"ఎస్సై సార్ ముంగట గూడ గిదే చెప్తవా?"

"చెప్త."

ఆత్మారాం తల ఊపాడు. పానా మళ్లీ తీసుకున్నాడు. రెక్క విప్పి పరీక్షకు పంపాలని ఎస్సై చెప్పాడు. విప్పే పని ఆత్మారాందే. రామ్‌దాస్ సెల్‌ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టాడు.

వెనక రెక్కకు ఉన్న రెండు బోల్టుల్లో ముందుది వచ్చింది. వెనక బోల్టు బిగుసుకుపోయింది. ఆత్మారాం రెండు చేతులతో తిప్పాడు. బోల్టు ఊడింది. రెక్కను పైకి ఎత్తాడు. కడ్డీకి, రెక్కకు మధ్య నుంచి ఏదో జారి సిమెంటు నేల మీద పడింది.

రామ్‌దాస్ ఒంగి తీశాడు. అగ్గిపెట్టె కన్నా చిన్న రేకు. రెండు మడతలు వేసి, దెబ్బలు వేసి అణిచారు. మధ్యలో బోల్టుకు చిల్లు. ఒక అంచు కత్తెరతో కోసి ఉంది. ఇంకో అంచు అరిగి నున్నగా ఉంది.

"వాషరా?"

"వాషర్ గాదు సార్." ఆత్మారాం రేకును చేతిలోకి తీసుకోలేదు. కడ్డీ మీద అది ఉన్నచోటు చూశాడు. గీత పడి ఉంది. వేలితో ఆ గీతను రుద్దాడు. "ఎనుక బోల్టు కాడ పెట్టిండు."

"పెడితే?"

"సార్, జర సూడుండ్రి. ముక్కు మునుగుతుంటే రెక్క కింద రేకు పెట్టి దాని వాలు మారుస్తం. ఒక్క నూలంత మారితే సాలు, ముక్కు లేస్తది. పెద్ద రెక్క ఉన్నది గద, గది కడ్డీ మీద కూసుంటది. దానికి ఎనుక బోల్టు కాడ రేకు పెట్టాలె. గీ చిన్నది కడ్డీ కింద కూసుంటది. దీనికి ముందు బోల్టు కాడ పెట్టాలె. దీనికి ఎనుక పెడితే ఉల్టా. మెల్లగ పోతే తెల్వది. పడవ జోరందుకున్నంక ముక్కు ఒక్కసారే కిందికి పోతది."

"మీదనే కూసున్నది గద ఇది" అన్నాడు రామ్‌దాస్, రెక్క ఉన్నచోటు చూపిస్తూ.

"బోర్డు బోర్లేసి ఉన్నది సార్. నీళ్లల్ల తిప్పి సూడుండ్రి."

రామ్‌దాస్ చేతిని గాలిలో బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పాడు.

"అంటే ముక్కు లేపుతందుకు పెట్టిండు. అది ముంచింది."

"అంతే సార్."

"పెట్టిందెవ్వడు?"

"నేను గాదు."

"అందరు గిట్లనే అంటరు."

ఆత్మారాం ఆయన మాట పట్టించుకోలేదు. శిరీష వైపు తిరిగాడు. ఆమె కడ్డీ మీది గీత దగ్గరకు వచ్చి నిలబడింది. రెక్క కూర్చునే చోటును తాకింది. తర్వాత బోర్డు కిందికి ఒంగి, తలను ఒక పక్కకు వాల్చి, కింద నుంచి పైకి చూసింది. లేచింది.

"కింద కూసుంటదని తెల్వదా నీకు?" అన్నాడు ఆత్మారాం.

"నేను దీన్ని సూడలె. కొత్తది వచ్చిందని వాడు ఫోన్ల చెప్పిండు. ముట్టకు అన్న."

"రేకు పెట్టుడు పోరగాండ్లకెవ్వలికి నేర్పలె నేను. అఖిలేష్‌కు గూడ నేర్పలె. గీ చెరువు మీద గది ఎరుకున్నది ఇద్దరికే. నాకు, నీకు."

"అయితే?"

"వాడు నిన్ను అడిగిండా?"

రామ్‌దాస్ సెల్‌ఫోన్ ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"లేదు" అంది శిరీష.

"శిరీషా. నేను బోల్టు తడమలే. గది నా గల్తీ, నెత్తినేసుకుంట. జైలంటే జైలు. కాని గీ రేకు గూడ నేనే పెట్టిన అని రాస్తే నేను ఇంక బయటికి రాను. నా బిడ్డ ఎనిమిదో తరగతి సదువుతున్నది. జర యాది చేస్కో. అడిగిండా?"

"అడగలే అన్న గద."

ఆత్మారాం పానాను డబ్బాలో వేశాడు. రామ్‌దాస్ రెక్కను ఒక కవర్లో, రేకును ఇంకో కవర్లో వేసి మూతి కట్టాడు. షెడ్డుకు మళ్లీ తాళం వేశారు. ఆత్మారాంను బండి మీద ఎక్కించుకుని రామ్‌దాస్ బోధన్ వైపు వెళ్లాడు. శిరీష వర్ని దాకా నడిచి ఆటో ఎక్కింది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దాటాక ఆటో దిగి, ఇల్లు చేరేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ముగ్గురు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నాలుగో మనిషి శిరీష తల్లి భూమవ్వ. పది రోజుల దాకా చాట ముట్టవద్దని ఆమెకు చెప్పారు. ఆమె ముట్టలేదు. పక్కావిడ ముందున్న తునికాకు కట్ట తనే విప్పి, చిరిగిన ఆకు ఏరి అవతల పెడుతోంది.

"ఊకె కూసుంటే చేతులు గుంజుతున్నయ్" అంది భూమవ్వ, కూతుర్ని చూసి. "తిన్నవా?"

"అవ్వా, లోపలికి రా."

"ఏమాయె?"

"రా, చెప్త."

గదిలో అఖిలేష్ ఫోటో ముందు దీపం ఉంది. శిరీష తలుపు దగ్గరికి వేసింది. నిలబడే అడిగింది.

"నీ పాత కొలత రేకు యాడున్నది? ఆకు మీద పెట్టి కత్తిరించేది."

"పాతదా? కంపెనీ సైజు మారిచ్చినంక దాంతోని పనేమున్నది? అఖిలేష్‌కు ఇచ్చిన."

"ఎప్పుడు?"

"శనివారం, అన్నం తిన్నంక. అవ్వా, రేకు ముక్క ఉంటే ఇయ్యే అన్నడు. నా కత్తెరతోని నేనే కోసి ఇచ్చిన. మందంగుండాలె అంటే మడిసి, పొత్రంతోని రెండు దెబ్బలు ఏసిన. గదెందుకు అడుగుతున్నవిప్పుడు?"

భూమవ్వ కూతురి మొహం చూసి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు గూడ ఉన్నవ్ గద ఫోన్ల. నీతోనే మాట్లాడుకుంట బిగించిండు. లౌడ్‌ స్పీకర్ పెట్టిండు, నేను ఇన్న. అక్కా, ముక్కు మునుగుతుంది అన్నడు. ఎనుక బోల్టు కాడ రేకు పెట్టురా, లేస్తది అన్నవ్."

"పెద్ద రెక్కనేనా అని అడిగిన" అంది శిరీష. "అడిగిన గద అవ్వా?"

"అడిగినవ్. ఆఁ, పెద్దదే అన్నడు."

"అన్నడు గద."

"అన్నడు." భూమవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. "చిన్నది వాని ఒళ్లనే ఉన్నది. ఏందిరా, అక్కకు అబద్ధం చెప్తున్నవ్ అని నేను కండ్లతోని బెదిరిచ్చిన. నోటి మీద ఏలు పెట్టి నవ్విండు. పోరగాడు గద అని ఊకున్న. ఏ రెక్కైతేంది బిడ్డా, నువ్వు ఎట్ల చెప్పినవో అట్లనే పెట్టిండు. ఎనుకకే పెట్టిండు. ఒకటికి రెండుసార్లు నిన్ను అడిగి మరీ బిగించిండు."

శిరీష నేల మీద కూర్చుంది.

"అవ్వా, గీ మాట ఇంకెవ్వలకన్న చెప్పినవా?"

"ఎవ్వలడిగిండ్రు నన్ను?"

తలుపు తోసుకుని మార్కండేయ లోపలికి వచ్చాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన బట్టల దుకాణంలో పని చేస్తున్నాడు. ఆదివారం నుంచి వెళ్లడం లేదు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"శిరీషా, ఎస్సై పిలుస్తున్నడు. ఆత్మారాంను లోపల్నే కూసోబెట్టిండ్రు. నువ్వొచ్చి చెప్తే అయిపోతదట." భార్య వైపు తిరిగాడు. "వాడేమంటున్నడో ఇన్నవా? పిల్లగాడే దొంగతనంగ రెక్క పెట్టుకున్నడట. రేకేదో గూడ వాడే ఇష్టమొచ్చినట్టు పెట్టి, వాని సావు వాడే తెచ్చుకున్నడట. రామ్‌దాస్ సార్ హోటల్ల అందరి ముంగట చెప్తున్నడు."

"ఎవ్వలు? నా కొడుకా?" భూమవ్వ లేచింది. "నా కొడుకు దొంగనా?"

"గట్లనే అంటున్నరు."

"ఇష్టమొచ్చినట్టు పెట్టిండా? అక్కను అడగకుండ వాడు ఒక్క మేకు కొట్టిండా ఎన్నడన్న?" ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుంది. "పా. నేను గూడ వస్త."

"నువ్వెందుకు?" అన్నాడు మార్కండేయ.

"నేను గూడ చెప్త. రేకు నేను కోసిచ్చిన. అక్క చెప్పింది, వాడు పెట్టిండు. ఎవ్వలు చెప్పకుండ పెట్టలే. నా కొడుకు చెప్పిన మాట వినేటోడని చెప్త."

మార్కండేయ కూతురి వైపు చూశాడు. "నువ్వు చెప్పినవా?"

"అవ్వా, నువ్వు రాకు" అంది శిరీష.

"ఎందుకు రావద్దు?"

"వద్దు. నేను చెప్త గద."

"నువ్వు ఇంగ్లీషుల చెప్తవ్, రెక్కలని, బోల్టులని. వాడు దొంగ గాదని నువ్వు చెప్తవా? నేను చెప్పాలె. కన్నదాన్ని నేను." భూమవ్వ చెప్పులు వెతుక్కుంది. "నడువు."

"అవ్వా."

"ఏందే?"

శిరీష తన చెప్పులు వేసుకుంది. మార్కండేయ ఇద్దరినీ చూశాడు. కూతుర్ని అడిగిన మాట మళ్లీ అడగలేదు. ముగ్గురూ బయటికి వచ్చారు. వాకిట్లో చుడుతున్న ఆడవాళ్లు చేతులు ఆపారు.

ఆటోలో భూమవ్వ మధ్యలో కూర్చుంది. దారి పొడవునా ఆమె ఒక్కతే మాట్లాడింది. వాడు చిన్నప్పుడు శక్కర్‌నగర్ కాలువలో ఈత నేర్చుకుంటానంటే అక్క వద్దంటే ఏడాది ఆగాడని చెప్పింది. అక్క సరేనన్న రోజు వెళ్లాడని చెప్పింది. మార్కండేయ రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

స్టేషన్‌లో బల్ల మీద ఆత్మారాం ఉన్నాడు. చొక్కా మార్చలేదు. పక్కన ఆయన భార్య శ్రీవాణి కూర్చుని ఉంది. శిరీషను చూసి శ్రీవాణి లేచి నిలబడింది. ఆత్మారాం చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

ఎస్సై గదిలో టేబుల్ మీద రెండు కవర్లు ఉన్నాయి. రామ్‌దాస్ తలుపు పక్కన నిలబడ్డాడు.

"రా అమ్మా. రామ్‌దాస్ అంతా చెప్పిండు" అన్నాడు ఎస్సై. "రెక్క ఇవ్వదగింది కాదన్నావు. మీ తమ్ముడు రేకు సంగతి నిన్ను అడగలేదన్నావు. ఆ రెండు మాటలు ఇక్కడ చెప్పి సంతకం చేస్తే చాలు. ఈయన పెట్టాడనే అనుకోవాలి ఇంక. మీ ఇద్దరికి తప్ప వేరే ఎవరికీ తెలియదంటున్నాడు ఆయనే."

శిరీష టేబుల్ ముందు నిలబడింది.

"సార్" అంది భూమవ్వ, కూతురి వెనక నుంచి. "రేకు సంగతి నేను చెప్త."

"నువ్వెవరవ్వా?"

"పిల్లగాని అవ్వను."

"నీకు రేకు సంగతి ఎట్ల తెలుసు?"

"నా ఇంట్లకెల్లే పోయింది సార్ గది."

ఎస్సై రామ్‌దాస్ వైపు చూశాడు. రామ్‌దాస్ బయట బల్ల మీద ఉన్న ఆత్మారాంను లోపలికి పిలిచాడు. ఆత్మారాం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఎస్సై తన ఎదురుగా ఉన్న కుర్చీని భూమవ్వకు చూపించాడు.

"కూసోని చెప్పవ్వా. మొదటి నుంచి."

భూమవ్వ కూర్చుంది.